బి12 నుంచి డి దాకా: శాకాహారులు, వీగన్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మ ఒకరోజు గుడి నుంచి ఇంటికి వస్తుంటే దారిలో ఎడమకాలి చెప్పు జారిపోయింది. జారిపోయిన సంగతి ఆవిడకి తెలియలేదు. గుమ్మం దగ్గర విప్పబోయి చూసుకుంటే ఒక్కటే ఉంది. అంతకు నాలుగేళ్ల ముందు నుంచే "అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయే" అంటూ ఉండేది. షుగర్ ఉంది కదా, దానివల్లే అని అందరం సరిపెట్టుకున్నాం, డైటీషియన్‌నైన నాతో సహా. రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ బి12 మిల్లీలీటరుకి 112 పికోగ్రాములు వచ్చింది. కనీసం 200 ఉండాలి. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టని మనిషి, పైగా పదకొండేళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతోంది. ఈ రెండూ కలిస్తే బి12 తగ్గి నరాలు దెబ్బతింటాయని నేను చదువుకున్నదే. మా ఇంటి విషయానికి వచ్చేసరికి తట్టలేదు.

అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి శాకాహారినీ ముందు పాదాల సంగతే అడుగుతున్నాను. వాళ్లు తిరిగి నన్ను అడిగే ప్రశ్నలు ఇవి.

శాకాహారులందరూ విటమిన్ మాత్రలు వేసుకోవాల్సిందేనా?

అందరికీ అన్నీ అక్కర్లేదు. పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసిన వీగన్లు మాత్రం బి12 జీవితాంతం వేసుకోవాల్సిందే, అందులో మినహాయింపు లేదు. పాలు, పెరుగు తీసుకునేవాళ్లలో చాలామందికి కూడా అవసరం పడుతుంది, ఎందుకో కింద లెక్క కట్టి చూపిస్తాను. విటమిన్ డి అవసరం శాకాహారం మీద కన్నా ఎండ మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఐరన్, కాల్షియం, అయోడిన్ మన వంటింట్లోనే దొరుకుతాయి, కొంచెం చూసుకుని తినాలి అంతే.

బి12 ఒక్కదానికే ఎందుకింత పట్టుదల?

ఎందుకంటే దాన్ని ఏ మొక్కా తయారు చేయదు, ఏ జంతువూ తయారు చేయదు. కొన్ని రకాల బాక్టీరియా మాత్రమే చేస్తుంది. ఆవు, గేదె కడుపులో మొదటి అరలో ఉండే బాక్టీరియా కోబాల్ట్‌ని వాడుకుని బి12 తయారు చేస్తే, అది కిందికి దిగేటప్పుడు పేగు పీల్చుకుంటుంది. అలా పాలలోకి, మాంసంలోకి వస్తుంది. మన పేగుల్లోనూ అలాంటి బాక్టీరియా ఉంది. కానీ ఎక్కువగా ఉండేది పెద్దపేగులో. బి12ని పీల్చుకునే చోటు దానికన్నా పైన, చిన్నపేగు చివర్లో ఉంది. అంటే మన ఒంట్లోనే తయారవుతున్నా మనకి అందకుండానే బయటికి పోతుంది.

మిగతా విటమిన్ల విషయంలో "ఇది మానేస్తే అది తినండి" అని చెప్పగలను. దీనికి అలా చెప్పడానికి చేతిలో ఏ ఆకూ, ఏ గింజా లేదు.

మేం రోజూ పాలు, పెరుగు తీసుకుంటాం కదా, సరిపోదా?

ఎంత తీసుకుంటున్నారో గ్లాసుతో కొలవండి. పెద్దవాళ్లకి రోజుకి 2.2 మైక్రోగ్రాముల బి12 కావాలని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కలిసి 2020లో చెప్పాయి. వంద మిల్లీలీటర్ల పాలలో ఉండేది దాదాపు 0.4 మైక్రోగ్రాములు. కాస్త అటూ ఇటూగా అర లీటరు పాలు తాగితే గానీ లెక్క కుదరదు.

ఇప్పుడు మా అమ్మ రోజు చూడండి. పొద్దున కాఫీలో 60 మిల్లీలీటర్ల పాలు, సాయంత్రం టీలో ఇంకో 40. మధ్యాహ్నం చివరి ముద్దకి ఒక గరిటెడు పెరుగు, రాత్రి పల్చటి మజ్జిగ. మొత్తం కలిపితే 200 మిల్లీలీటర్లకి మించదు. పాలు పొద్దున ఒకసారి పొంగించి, మీగడ కట్టడానికి సన్నసెగ మీద పావుగంట ఉంచి, సాయంత్రం మళ్లీ కాచేది. ఎక్కువసేపు మరిగితే బి12లో మూడో వంతు దాకా పోతుంది. చివరికి ఆవిడకి అందింది అవసరంలో పావు వంతు కాస్త దాటి ఉంటుంది. "రోజూ పాలూ పెరుగూ తింటున్నాను" అన్న మాటలో అబద్ధం లేదు. కొలత మాత్రం చాలలేదు.

నెయ్యిలో బి12 లెక్కలోకి తీసుకునేంత ఉండదు. గుడ్డు తినేవాళ్లకి ఒక గుడ్డుకి సుమారు అర మైక్రోగ్రాము వస్తుంది.

ఇడ్లీపిండి, చద్దన్నం పులుస్తాయి కదా? స్పిరులినా (పొడిగా, మాత్రలుగా అమ్మే నాచు) సంగతేంటి?

పులియబెట్టే బాక్టీరియా వేరు, బి12 చేసే బాక్టీరియా వేరు. పులిసిన పిండి పేగులకి మంచిదే, కొన్ని ఇతర బి విటమిన్లు పెరుగుతాయి, ఐరన్ ఒంటికి పట్టడమూ మెరుగవుతుంది. బి12కి మాత్రం నమ్ముకోవద్దు. స్పిరులినాలో ఉండేది ఎక్కువగా బి12ని పోలిన మరో పదార్థం. మన శరీరానికి అది పనికిరాదు, కొన్ని పరీక్షల్లో మాత్రం బి12లాగే కనిపించి మోసం చేస్తుంది. పుట్టగొడుగులు, మునగాకు పొడి, గోధుమగడ్డి రసం కూడా బి12కి నమ్ముకోదగ్గవి కావు. మునగాకు ఎన్నింటికో మంచిది. దీనికి కాదు.

మరి మా తాతముత్తాతలు ఏ మాత్రా లేకుండా ఎలా బతికారు?

వాళ్ల ఇంట్లో పాడి ఉండేది. గడ్డపెరుగు గిన్నెలకి గిన్నెలు తినేవాళ్లు. బావినీళ్లు, చెరువునీళ్లు తాగేవాళ్లు, మట్టి అంటిన కూరగాయలు తినేవాళ్లు. ఆ మట్టీ నీళ్లతోపాటు బాక్టీరియా, కాస్త బి12 లోపలికి వెళ్లి ఉంటాయి. దాంతోపాటే కలరా, టైఫాయిడ్ కూడా వెళ్లాయి కాబట్టి ఆ దారికి తిరిగి పోదామని ఎవరూ అనరు. ఇంకో మాట. "అరవై దాటాక ముసలమ్మకి మతి తప్పింది, కాళ్లు పడిపోయాయి" అని ప్రతి ఊళ్లోనూ వినేవాళ్లం. వాళ్లలో ఎందరికి బి12 తక్కువై అలా అయిందో చూసినవాళ్లు ఎవరూ లేరు.

అయ్యప్ప మాల వేసుకుంటున్నాను. 41 రోజులు మాంసం మానేస్తే బి12 పడిపోతుందా? కార్తీకమాసం అంతా మానేస్తే?

పడిపోదు. మాంసం, చేపలు తినేవాళ్ల కాలేయంలో కొన్నేళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది. నెలా నెలన్నరకి ఏమీ కాదు, నిశ్చింతగా దీక్ష చేసుకోండి. ఆ నిల్వే మరో రకంగా ప్రమాదం. ఈ రోజు వీగన్‌గా మారినవాళ్లు రెండు మూడేళ్లు హాయిగా ఉండి "నాకేం కాలేదు, మాత్రలన్నీ వ్యాపారం" అని అందరికీ చెబుతారు. గోదాములో బియ్యం ఉన్నన్నాళ్లూ పంట పండలేదన్న సంగతి తెలియదు.

తెలుగు రాష్ట్రాల్లో పూర్తి శాకాహారులు చాలా తక్కువ. 2014 సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. అందుకేనేమో మన దగ్గర తిమ్మిర్లని వెళ్తే "ఏం తింటారు" అన్న ప్రశ్న త్వరగా రాదు. అడగకపోయినా మీరే చెప్పండి.

బి12 తగ్గిందని ఎలా తెలుస్తుంది?

నీరసం, ఆయాసం, పాలిపోవడం అందరికీ తెలిసినవే. ఇవి కూడా చూసుకోండి: నాలుక మీద గరుకుతనం పోయి నున్నగా, ఎర్రగా మారి కారం తగిలితే మండటం, వేళ్ల కణుపుల మీద చర్మం నల్లబడటం, అరికాళ్లలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, దూది మీద నడుస్తున్నట్టు అనిపించడం, కళ్లు మూసుకుని మొహం కడుక్కుంటుంటే తూలడం, మతిమరుపు, ఊరికే చిరాకు.

రక్తం బాగానే ఉండి నరాలు దెబ్బతినడమూ జరుగుతుంది. హిమోగ్లోబిన్ 13 ఉంది కాబట్టి బి12 బాగానే ఉన్నట్టని అనుకోకండి.

పరీక్ష ఎప్పుడు చేయించాలి? 200 దాటితే చాలా?

మాత్రలు మొదలుపెట్టక ముందే చేయించాలి. వారం రోజులు మాత్రలు మింగి వెళ్తే రక్తంలో అంకె పైకి కనిపిస్తుంది, అసలు సంగతి బయటపడదు. మిల్లీలీటరుకి 200 పికోగ్రాములకన్నా తక్కువైతే లోపం ఉన్నట్టే. 200 నుంచి 300 మధ్య అనుమానం. ఆ మధ్యలో ఉండి లక్షణాలు కూడా ఉంటే డాక్టర్లు హోమోసిస్టీన్, మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్షలు రాస్తారు. బి12 చేయాల్సిన పని ఆగిపోతే ఈ రెండూ రక్తంలో పేరుకుపోతాయి.

వీగన్లు ఎలాగూ మాత్ర వేసుకోవాలి కాబట్టి, ఏ ఇబ్బందీ లేకపోతే పరీక్ష కోసం ఎదురుచూస్తూ ఆలస్యం చేయాల్సిన పనిలేదు.

ఎంత మోతాదు? రోజూనా, వారానికా?

రోజుకి కావాల్సింది 2.2 అయితే మాత్రలో 1500 ఎందుకుంటుందని చాలామంది భయపడతారు. దాని వెనక ఒక కారణం ఉంది. జీర్ణకోశంలో తయారయ్యే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ బి12 చేయి పట్టుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకెళ్లాలి. అది ఒక్క విడతలో మోయగలిగేది ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములే. ఆ పైన ఎంత మింగినా దాదాపు నూటికి ఒక వంతు మాత్రం తనంతట తానే లోపలికి ఇంకుతుంది. 1500 మింగితే ఒంటికి పట్టేది పదహారు, పదిహేడు.

కాబట్టి ఎంత తరచుగా వేసుకుంటే అంత తక్కువ సరిపోతుంది. బ్రిటన్‌లోని వీగన్ సొసైటీ చెప్పేది రోజుకి కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికి కనీసం 2000. మన మెడికల్ షాపుల్లో తేలిగ్గా దొరికేది 500, 1500 మాత్రలు. లోపం లేని వీగన్‌కి 1500 మాత్ర వారానికి రెండుసార్లు వేసుకుంటే సరిపోతుంది. నేను బుధవారం, ఆదివారం అని రోజులు కట్టి ఇస్తాను. "వారానికి రెండు" అంటే మరిచిపోతారు, వారం పేరు చెబితే గుర్తుంటుంది. పాలు, పెరుగు కాస్త తీసుకునేవాళ్లకి వారానికి ఒక్కటి చాలు.

ఇది లోపం రాకుండా చూసుకునే మోతాదు. ఇప్పటికే లోపం తేలితే, అందులోనూ తిమ్మిర్లు ఉంటే, మోతాదు డాక్టరు చెప్పాలి. అలాంటప్పుడు ముందు ఇంజక్షన్లతో మొదలుపెడతారు.

తిన్నాకా తినకముందా అన్న పట్టింపు లేదు. నాలుక కింద పెట్టుకున్నా, మింగినా పెద్ద తేడా కనిపించలేదు. ఎక్కువైతే మూత్రంలో పోతుంది, కొద్దిమందికి మొటిమలు వస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం అడగకుండా వాడొద్దు.

మిథైల్‌కోబాలమిన్ మంచిదా, సయనోకోబాలమిన్ మంచిదా? సయనైడ్ ఉంటుందటగా?

రోజువారీ అవసరానికి రెండూ పనిచేస్తాయి. సయనోకోబాలమిన్ చవక, వేడికీ వెలుతురుకీ త్వరగా పాడవదు. అందులో సయనైడ్ భాగం ఉన్న మాట నిజమే, కానీ ఎంత తక్కువంటే మనం తినే కూరగాయల్లోంచి వచ్చేదానితో పోల్చినా లెక్కలోకి రాదు. బాగా సిగరెట్లు తాగేవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మిథైల్ రకం తీసుకోవడం మేలు. రెండింటినీ బాక్టీరియాతో పులియబెట్టే తయారు చేస్తారు, జంతువుల నుంచి తీయరు.

షాపులో అడిగితే "నరాల బలం మాత్రలు" ఇచ్చారు. వాడొచ్చా?

షీటు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మిథైల్‌కోబాలమిన్ పక్కన ప్రీగబాలిన్ అనో గబాపెంటిన్ అనో ఉంటే అది విటమిన్ మాత్ర కాదు, నరాల నొప్పికి ఇచ్చే మందు. మత్తు, తూలడం, కాళ్ల వాపు వస్తాయి. చాలారోజులు వాడి ఉన్నట్టుండి ఆపినా ఇబ్బందే. పక్కింటివాళ్లకి పనిచేసిందని అదే షీటు చూపించి కొనుక్కుని, మత్తుకి తూలి పడిన పెద్దవాళ్లని చూశాను. డెబ్భై ఏళ్ల మనిషి బాత్రూంలో పడితే తుంటి ఎముక విరుగుతుంది. మీకు కావాల్సింది బి12 అయితే అదొక్కటే ఉన్న మాత్ర అడగండి.

షుగర్ మాత్ర, గ్యాస్ మాత్ర వాడుతున్నాను. తేడా ఏమైనా ఉంటుందా?

ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే చిన్నపేగు చివర్లో బి12 పీల్చుకోవడం తగ్గుతుంది. పాంటోప్రజోల్, ఒమిప్రజోల్ లాంటివి జీర్ణకోశంలో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. పాలలో, గుడ్డులో ప్రోటీన్‌కి అతుక్కుని ఉన్న బి12 విడిపోవాలంటే ఆ ఆమ్లమే కావాలి. మాత్రలో ఉన్న బి12 విడిగానే ఉంటుంది కాబట్టి దానికి ఈ అడ్డు లేదు. శాకాహారం, షుగర్, అరవై దాటిన వయసు మూడూ కలిసినవాళ్లు ఏడాదికోసారి బి12 చూపించుకోవాలి. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. అది మంచి మందు, పక్కన బి12 ఉంటే చాలు.

గర్భిణిని. ప్రభుత్వాసుపత్రిలో ఐరన్ మాత్రలు ఇచ్చారు. అందులో బి12 కూడా ఉంటుందా?

ఉండదు. ఆ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రెండూ మీకు అవసరమే, మానొద్దు. శాకాహారులైతే బి12 విడిగా అడిగి రాయించుకోండి.

ఈ ఫోలిక్ యాసిడ్‌కి మన భీమవరంతో బంధం ఉంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో, రక్తం క్షీణించి చనిపోయారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారు చేసింది. అప్పటికి బి12 ఏమిటో ఎవరికీ తెలియదు, ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనతకి 1926 నుంచి కాలేయం తినిపించడమే వైద్యం. ఆ రోగులకీ ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. రక్తం పెరిగింది. కానీ కొందరిలో కాళ్లు మొద్దుబారడం, నడక తప్పడం ఆగలేదు సరికదా ఎక్కువైంది. రక్తానికి ఫోలిక్ యాసిడ్ సాయపడగలదు గానీ నరాలకి కావాల్సింది ఇంకేదో ఉందని అలా తేలింది. ఆ ఇంకేదో 1948లో ఎర్రటి స్ఫటికాలుగా అమెరికాలోనూ ఇంగ్లండులోనూ దొరికింది. అదే బి12.

ఈ చరిత్ర అంతా ఎందుకు చెబుతున్నానంటే ఇప్పటికీ జరుగుతున్నది అదే. రక్తం తక్కువగా ఉందని 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్రలు సొంతంగా కొని నెలలకొద్దీ వేసుకుంటారు. రిపోర్టు బాగుపడుతుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి. ఫోలిక్ యాసిడ్ పెద్ద మోతాదులో మొదలుపెట్టేముందు బి12 చూసుకోవాలి.

తల్లి శాకాహారి అయితే పాలు తాగే బిడ్డకి ఏమైనా అవుతుందా?

శాకాహారం వల్ల కాదు, తల్లికి బి12 లోపం ఉంటే అవుతుంది. తల్లి ఒంట్లో లేనిది పాలలోకి రాదు. బిడ్డ నాలుగైదు నెలల దాకా బాగానే ఉండి తర్వాత మందకొడిగా అవుతుంది. నవ్విన బిడ్డ నవ్వడం మానేస్తుంది, మెడ నిలబెట్టిన బిడ్డ మళ్లీ వాల్చేస్తుంది, జుట్టు పల్చబడి రాగిరంగుకి వస్తుంది, వేళ్ల కణుపులు నల్లబడతాయి, చేతులు వణుకుతాయి. ఉగ్గు పెడితే నోరు తెరవదు. ఇందులో ఏది కనిపించినా "పిల్లలన్నాక అంతే, నెమ్మదిగా వస్తాయి" అని ఆగకుండా ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. త్వరగా పట్టుకుంటే ఇంజక్షన్‌తో కొద్దిరోజుల్లోనే బిడ్డ మొహంలో తేడా కనిపిస్తుంది. ఆలస్యమైతే మెదడు ఎదుగుదల వెనకబడిపోతుంది. అందుకే గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడే తల్లి బి12 మొదలుపెట్టాలి.

విటమిన్ డి పొడి ప్యాకెట్ వారానికోసారి వేసుకోమన్నారు. ఎన్నాళ్లు?

డాక్టరు చెప్పినన్ని వారాలే, సాధారణంగా ఎనిమిది. ఆ ప్యాకెట్‌లో 60,000 యూనిట్లు ఉంటాయి. రోజుకి కావాల్సింది 600. అంటే వంద రోజుల సరుకు ఒక్క పొట్లంలో ఉంది. దాన్ని రోజూ పాలలో కలుపుకుని నెలరోజులు తాగినవాళ్లు ఉన్నారు. బి12లా ఇది మూత్రంలో పోదు, కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అతిదాహం, చివరికి కిడ్నీ దెబ్బతినే దాకా వెళ్తుంది. ఎనిమిది వారాలు అయ్యాక ఆపి, తర్వాత ఎంతో మళ్లీ అడగండి.

మన ఎండ గురించి చెప్పక్కర్లేదు, కానీ ఏడింటికి నడకకి వెళ్లొస్తే డి తయారవదు. మన నీడ మనకన్నా పొట్టిగా ఉండే వేళ, చేతులు, కాళ్లు కప్పుకోకుండా కాసేపు ఉండాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు.

వీగన్లకి ఇంకో సంగతి. మాత్రల్లో మామూలుగా ఉండే డి3 అనే రకాన్ని గొర్రె ఉన్నిలోని మైనంలోంచి తీస్తారు. లైకెన్ (రాళ్ల మీద, చెట్ల మీద పెరిగే నాచులాంటిది) నుంచి తీసిన డి3, లేదా డి2 అనే మరో రకం అయితే జంతువులతో సంబంధం ఉండదు.

ఐరన్, కాల్షియం మాత్రలు కూడా వేసుకోవాలా?

కాల్షియం పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాములు. వంద గ్రాముల రాగుల్లో 364 ఉంటుంది. పొట్టు తీయని నువ్వులు, మునగాకు, కాల్షియం కలిపిన సోయాపాలు ఉండగా వీగన్లు మాత్ర దాకా వెళ్లకుండానే నెట్టుకురావచ్చు. సోయాపాల ప్యాకెట్ బాగా కుదిపి వంచుకోండి, కాల్షియం అడుక్కి దిగి ఉంటుంది. పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోనే ఉండే ఆక్జలేట్ అనే పదార్థం దాన్ని పట్టేసుకుంటుంది, లెక్కలో వేసుకోవద్దు.

ఐరన్ పరీక్ష లేకుండా మొదలుపెట్టకండి, ముఖ్యంగా మగవాళ్లు. పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, అన్నం తిన్న గంట దాకా కాఫీ, టీ తాగకపోవడం ఈ రెండూ చేస్తే తిన్న ఐరన్ ఇప్పటికన్నా బాగా పడుతుంది. మాత్రలే వేసుకోవాల్సి వస్తే ఐరన్, కాల్షియం ఒకేసారి వద్దు, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. థైరాయిడ్ మాత్రకీ వీటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే గుప్పెట్లో అన్నీ పోసుకుని ఒకే గుక్కలో మింగేసి, థైరాయిడ్ ఎందుకు తగ్గడం లేదని మందు పెంచుకుంటూ పోయేవాళ్లు చాలామంది.

సైంధవ లవణం వాడుతున్నాం. మంచిదేగా?

రుచికి మంచిదే. అయోడిన్ ఉండదు. చేపలూ పాలూ తీసుకునేవాళ్లకి వేరే దారులున్నాయి, వీగన్‌కి అయోడిన్ వచ్చే నమ్మకమైన దారి అయోడిన్ ఉప్పు ఒక్కటే. గర్భిణులున్న ఇంట్లో అయితే ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను: వంటకి అయోడిన్ ఉప్పే వాడండి, దించేముందు వేయండి, డబ్బా మూత పెట్టి ఉంచండి.

చేపనూనె బదులు?

చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వు కోసమైతే అవిసెగింజలు వేయించి పొడి చేసుకుని రోజుకి ఒకటి రెండు చెంచాలు. కారప్పొడిలా చేసుకుంటే అన్నంలోకి బాగుంటుంది. ఒకేసారి ఎక్కువ కొట్టి ఉంచితే ముక్కిపోతుంది. గర్భిణులు, బాలింతలు నాచు నూనెతో చేసిన డీహెచ్ఏ (ఒక రకం ఒమేగా-3 కొవ్వు) గురించి డాక్టరుని అడగవచ్చు.

ఇవన్నీ విడివిడిగా ఎందుకు, ఒక్క మల్టీవిటమిన్ వేసుకుంటే?

వేసుకోవచ్చు, కానీ బి12 ఎంతుందో చూడండి. ఒక్క మైక్రోగ్రాము ఉన్నవీ ఉన్నాయి. రోజూ వేసుకునేదైతే కనీసం 10 ఉండాలి. బీకాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం చిక్కటి పసుపు రంగులో వస్తే కంగారుపడకండి, అది రైబోఫ్లావిన్ అనే బి విటమిన్ రంగు.

క్యాప్సూల్ శాకాహారమేనా?

మెత్తటి క్యాప్సూళ్లలో చాలావరకు జెలటిన్, అంటే పశువుల ఎముకలూ చర్మం నుంచి తీసినది. ఆహారంగా అమ్మే సప్లిమెంట్ల డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూసుకోండి. ఆకుపచ్చ చుక్క ఉన్నా పాల పదార్థం ఉండొచ్చు. వీగన్లకి 2022 నిబంధనలతో విడిగా ఆకుపచ్చ వి అక్షరం గుర్తు వచ్చింది. మందుగా అమ్మేవాటి మీద ఈ గుర్తులు కనిపించకపోవచ్చు, అప్పుడు క్యాప్సూల్ వదిలేసి మాత్ర అడగడం తేలిక.

రేషన్ బియ్యంలో బి12 కలిపారటగా?

2021 ఆగస్టు 15న ప్రకటించిన పథకం అది. అలా కలిపిన బియ్యంలో వంద గింజల్లో ఒకటి బియ్యప్పిండితో చేసిన గింజ, అందులో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 ఉంటాయి. తెల్లగా, వేరుగా కనిపిస్తున్నాయని, నీళ్లలో తేలుతున్నాయని వాటిని ప్లాస్టిక్ బియ్యం అనుకుని మన పల్లెల్లో చేటలో ఏరి పారేసినవాళ్లున్నారు. అది ప్లాస్టిక్ కాదు, పారేయకండి. అయితే కిలోకి సుమారు ఒక మైక్రోగ్రాము బి12 చొప్పున కలపాలన్నది ప్రమాణం. రోజుకి 300 గ్రాముల బియ్యం వండుకుంటే 0.3. వీగన్‌కి ఇదొక్కటీ సరిపోదు.

మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. శాకాహారి. ఏం చెప్పమంటారు?

అక్కడ సోయాపాలు, ఉదయం తినే సీరియల్ చాలావాటిలో బి12 కలుపుతారు. డబ్బా వెనక పట్టికలో చదివి కొనమనండి, అన్నింట్లోనూ ఉండదు. చలికాలంలో డి మాత్ర అవసరం పడుతుంది. చాలామంది పిల్లలు అక్కడ అన్నం, పచ్చడి, ఫ్రోజెన్ పరోటాలతో నెలలు గడిపేస్తారు. వీడియోకాల్‌లో "తిన్నావా" అని అడిగే బదులు ఏం తిన్నాడో అడగండి.

ఒకసారి దెబ్బతిన్న నరాలు మళ్లీ మామూలవుతాయా?

రక్తం త్వరగా కోలుకుంటుంది, రెండు నెలల్లో హిమోగ్లోబిన్ దారిలో పడుతుంది. నాలుక మంట అంతకన్నా ముందే పోతుంది. నరాలకి మూడు నెలలు, ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఎంత ముందు పట్టుకున్నారన్నదాన్ని బట్టి ఎంత తిరిగొస్తుందన్నది ఉంటుంది.

అమ్మకి మొదట రోజు విడిచి రోజు ఇంజక్షన్లు, తర్వాత వారానికొకటి, ఆ తర్వాత మాత్రలు. మూడో నెలలో తూలడం పోయింది, రాత్రిళ్లు అరికాళ్ల మంటతో లేవడం మానేసింది. కుడికాలు పూర్తిగా బాగైంది. ఎడమకాలి చివరి మూడు వేళ్లలో మొద్దుతనం ఉండిపోయింది. మడమకి వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిచ్చాను, గుడికి అవే వేసుకుని వెళ్తోంది.